పైపు వెల్డింగ్‌లో రూట్ వేస్తుంటే ఆర్క్ పక్కకి పారిపోతోంది. లోపం నా చేతిదా, పైపుదా?

టెక్కలి_టిగ్
మూడు రోజులుగా ఒకే జాయింట్ నన్ను ఏడిపిస్తోంది. ఒమన్‌లో ఎడారి మధ్య పని. పాత క్రూడ్ లైన్‌లో తుప్పు తినేసిన ముక్క కోసేసి కొత్త స్పూల్ (పైపు ముక్క) పెడుతున్నాం. 12 అంగుళాల కార్బన్ స్టీలు, మందం 9.5 ఎంఎం. రూట్ (సందు మూసే మొదటి పొర) టిగ్ వెల్డింగ్‌తో, ఆపైన 7018 రాడ్. స్పూల్‌కి ఒక పక్క జాయింట్ కాస్త సతాయించినా అయిపోయింది. రెండో పక్క అసలు కుదరడం లేదు. టార్చ్‌లోని టంగ్‌స్టన్ మొన నుంచి ఆర్క్ (లోహాన్ని కరిగించే విద్యుత్ మంట) తిన్నగా దిగకుండా ఎడమ బెవెల్ (ఏటవాలుగా కోసిన పైపు అంచు) మీదకి వంగిపోతోంది, ఎవరో పక్కన కూర్చుని ఊదుతున్నట్టు. గాలి అనుకుని టెంట్ వేయించాను, అదే వరస. ఫిల్లర్ వైరు దగ్గరికి తీసుకెళ్తే పైపు లాగేసుకుంటోంది. రెండుసార్లు రూట్ వేశాం, రెండుసార్లూ కోసేశాం. ఎక్స్‌రేలో ఒక పక్క గోడ అసలు కరగనే లేదు.

ఫోర్‌మన్ నా చెయ్యి పోయిందంటున్నాడు. నిన్న మళ్ళీ 6జీ టెస్ట్ (వాలుగా బిగించిన పైపు మీద వెల్డర్ పరీక్ష) పెట్టించాడు. 6 అంగుళాల ముక్క మీద ఏ తేడా లేకుండా వేసిచ్చాను. తిరిగి ఈ జాయింట్ దగ్గరికొస్తే అదే కథ. తొమ్మిదేళ్ల సర్వీసు నాది. ఎవరికైనా ఇలా అయిందా?

పాతరాడ్డు
ఎర్త్ (కరెంట్ తిరిగి మెషిన్‌కి వెళ్లే క్లాంప్) ఎక్కడ పెట్టావు? నూటికి తొంభైసార్లు ఎర్త్‌లోనే ఉంటుంది. జాయింట్ పక్కనే పెడితే కరెంట్ అంతా ఒక వైపే తిరిగి ఆర్క్‌ని తోసేస్తుంది. దూరంగా పెట్టు, వీలైతే రెండు పక్కలా రెండు ఎర్త్‌లు. ఆర్క్ పొట్టిగా పట్టుకో. ఆంప్స్ ఒక పదిహేను తగ్గించు.

ఫిట్టర్_బావ
ఆర్క్ ఎడమకి పోతోందన్నావుగా. ఫోర్‌మన్‌ని ఎడమ పక్క నిలబెట్టు. భయపడి మధ్యలోకి వచ్చేస్తుంది.

టెక్కలి_టిగ్
బాబాయ్, ఎర్త్ మొదటి రోజే మార్చాను. దగ్గర, దూరం, రెండు పక్కలా, కొత్త స్పూల్ మీద ఒకసారి, పాత లైన్ మీద ఒకసారి. ఆర్క్‌లో మార్పు లేదు.
బావా, ఫోర్‌మన్ టెంట్‌లోకి రాడు. ఏసీ కారులోంచే తిడతాడు.

ఎక్స్‌రే_అక్క
తమ్ముడూ, మెషిన్ పూర్తిగా ఆఫ్ చేసి ఒక పని చెయ్యి. సన్న బైండింగ్ వైరు ముక్క గానీ జెమ్ క్లిప్ గానీ దారానికి కట్టి గ్యాప్ దగ్గర వేలాడదియ్యి. కరెంట్ లేకుండానే అది బెవెల్ వైపు లాగబడితే ఎర్త్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, అయస్కాంతం పైపులోనే ఉంది. అది కదలకుండా ఉంటేనే పాతరాడ్డు గారు చెప్పింది పని చేస్తుంది. ఈ రెండూ వేరు వేరు జబ్బులు, బయటికి మాత్రం ఒకేలా కనిపిస్తాయి.

టెక్కలి_టిగ్
అక్కా, దారం దాకా అక్కర్లేదు. గ్రైండింగ్ చేసిన పొడి బెవెల్ అంచున మీసాల్లా నిలబడి ఉంది. రోజూ బ్రష్‌తో తుడుస్తున్నాను గానీ అదేంటని ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు బైండింగ్ వైరు పెట్టి చూశాను. గ్యాప్‌కి అడ్డంగా వంతెన వేసినట్టు అతుక్కుపోయింది. ఫొటో తీసి ఫోర్‌మన్‌కి పంపాను.

ఎక్స్‌రే_అక్క
ఆ మీసాలే సాక్ష్యం. ఇంకో ప్రశ్న. ఆ లైన్‌లో ఈ మధ్య ఇంటెలిజెంట్ పిగ్ (పైపు లోపల నడుస్తూ తుప్పు వెతికే యంత్రం) పంపారా?

టెక్కలి_టిగ్
సూపర్‌వైజర్ని అడిగాను. రెండు నెలల క్రితం పంపారట. ఈ తుప్పు ఉందని తెలిసిందే ఆ రిపోర్ట్‌లోనట.

ఎక్స్‌రే_అక్క
దొరికింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పైపులో తుప్పు వెతికే పిగ్‌లలో ఎక్కువ భాగం అయస్కాంతంతోనే పని చేస్తాయి. దాని ఒంటి నిండా బలమైన మాగ్నెట్‌లు ఉంటాయి. వెళ్తూ వెళ్తూ పైపు గోడని నిండా అయస్కాంతం చేస్తుంది. గోడ పలచబడిన చోట ఆ ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) బయటికి లీకవుతుంది, సెన్సర్లు దాన్ని పట్టుకుంటాయి. పిగ్ అవతలికి వెళ్లిపోయినా స్టీలులో కొంత మిగిలిపోతుంది. అంటే లోపం చూపించిన యంత్రమే ఆ లోపాన్ని బాగుచేయనివ్వకుండా చేసింది.

ఒక్క పిగ్‌నే అనుకోవద్దు. మా వాళ్లు మాగ్నెటిక్ పార్టికల్ టెస్ట్ (అయస్కాంతంతో పగుళ్లు వెతికే పరీక్ష) చేసి డీమాగ్నెటైజ్ చేయకుండా వదిలేసిన సందర్భాలు నాకే తెలుసు (అందులో ఒకటి నేనే). మాగ్నెట్ క్రేన్‌తో ప్లేట్లు ఎత్తినా వస్తుంది.

గోదారోడు
ఇంత చర్చ ఎందుకు. గ్యాస్ టార్చ్ పెట్టి 200 డిగ్రీల దాకా వేడి చేస్తే మాగ్నెట్ చచ్చిపోతుంది. యానాం దగ్గర ఒక పనిలో మేం అలాగే చేశాం. గంటలో రూట్ అయిపోయింది.

హజీరా_రాజు
200కి ఏమీ కాదు అన్నా. ఇనుము అయస్కాంత గుణం పూర్తిగా పోవాలంటే దాదాపు 770 డిగ్రీలు దాటాలి. పైపు ఎర్రగా కాలాలి. జాయింట్ దగ్గర అంత వేడి చేస్తే స్టీలు గుణం పాడవుతుంది, పైగా చల్లారాక మిగతా లైన్ నుంచి ఫ్లక్స్ మళ్ళీ వచ్చేస్తుంది. ప్రీహీట్ దాని పని అది చేస్తుంది, ఈ పని మాత్రం చేయదు.

గోదారోడు
మరి మాకెలా అయిందంటావు? కల కన్నామా?

హజీరా_రాజు
కల కాదు. వేడి చేశాక టాకులు (పైపుల్ని పట్టి ఉంచే చిన్న వెల్డ్‌లు) వేశారా?

గోదారోడు
ఆ, నాలుగు పెద్ద టాకులు. బయట మూడు బ్రిడ్జ్ ముక్కలు కూడా.

హజీరా_రాజు
పని చేసింది అవే. రెండు పైపుల్నీ ఇనుము కలిపిన చోట ఫ్లక్స్ గాలిలోకి దూకకుండా ఇనుములోంచే పోతుంది. టార్చ్‌కి ఊరికే పేరొచ్చింది.

ఫిట్టర్_బావ
మా ఊళ్లో వాన పడితే కప్పల పెళ్లి వల్లే అంటారు, అలాగ.

గోదారోడు
సర్లే. ఒప్పుకుంటున్నాను, సగం.

కొత్తచేతి
ఐటీఐ రెండో సంవత్సరం. చిన్న డౌట్. ఫోన్‌లో కంపాస్ యాప్ ఉంది కదా, దాంతో ఎంత మాగ్నెట్ ఉందో చూడొచ్చా? ఇంకోటి, మొదటి జాయింట్ అయిపోయి రెండోదే ఎందుకు కాలేదు? పైపు అదే కదా.

ఎక్స్‌రే_అక్క
యాప్ అయస్కాంత బలాన్ని మైక్రోటెస్లాల్లో చూపిస్తుంది. 100 మైక్రోటెస్లా అంటే ఒక గాస్. భూమి అయస్కాంతమే అర గాస్‌కి కాస్త అటూ ఇటూ ఉంటుంది. పైపులో ఉందా లేదా అని మోటుగా తెలుసుకోవడానికి ఫోన్ పనికొస్తుంది, అంతే. మనకి కావాల్సింది గ్యాప్ లోపలి రీడింగ్. మూడు ఎంఎం సందులో ఫోన్ దూరదు. గాస్ మీటర్ ప్రోబ్ పలచగా ఉంటుంది, దూరుతుంది. ఎక్కువ ఫీల్డ్ ఉంటే ఫోన్ సెన్సర్ చేతులెత్తేస్తుంది కూడా.

నీ రెండో ప్రశ్న అసలైనది. మొదటి జాయింట్ వేసేటప్పుడు స్పూల్ అవతలి కొస ఖాళీగా ఉంది. పాత పైపు చివరి ఫ్లక్స్ గాలిలోకి చెదిరిపోతుంది. మొదటి పక్క అతికాక స్పూల్ కూడా ఆ లైన్‌లో భాగమైంది. ఇప్పుడు అటు పొడవైన లైన్, ఇటు పొడవైన లైన్, మధ్యలో మిగిలింది ఒక్క మూడు ఎంఎం సందు. ఉన్న ఫ్లక్స్ అంతా ఆ సందులోంచే దాటాలి. అందుకే తెరిచిన కొస దగ్గర 20, 30 గాస్ చూపించిన పైపే, ఎదురుగా ఇంకో పైపు తెచ్చి పెట్టగానే 100 దాటేస్తుంది. కొసని విడిగా కొలిచి "బానే ఉంది" అని రాసిచ్చేవాళ్లతో జాగ్రత్త.

టెక్కలి_టిగ్
ఎంత ఉంటే వెల్డ్ అవుతుంది అక్కా?

ఎక్స్‌రే_అక్క
గ్యాప్‌లో 10 లోపు ఉంటే టిగ్‌కి కూడా ఇబ్బంది ఉండదు. 20 దాటితే ఆర్క్ నడక మారడం చేతికి తెలుస్తుంది. 40 పైన రూట్ మీద ఆశ పెట్టుకోకు. ఇది మోటు లెక్క. నీ ఆంప్స్‌ని బట్టి, ప్రాసెస్‌ని బట్టి కొంత మారుతుంది.

పాతరాడ్డు
సరే, ఎర్త్ కాదని తేలింది. నా మాట వెనక్కి తీసుకుంటున్నా. అయితే మందు నా దగ్గరా ఉంది. మా రోజుల్లో గాస్ మీటర్లు లేవు. హోల్డర్ కేబుల్‌నే జాయింట్ పక్కన పైపుకి నాలుగు చుట్లు చుట్టేవాళ్లం. ఆర్క్ వెలగగానే ఆ చుట్లలో కరెంట్ పారి ఎదురు అయస్కాంతం తయారవుతుంది. ఆర్క్ ఇంకా ఎక్కువ వంగిందంటే తప్పు వైపు చుట్టామన్నమాట, విప్పి అటు తిప్పి చుట్టేవాళ్లం. తగ్గింది గానీ చాలలేదంటే ఇంకో రెండు చుట్లు. ఖర్చు లేదు, రెండో మెషిన్ అక్కర్లేదు.

గాజువాకలో ఒకాయన పాత స్పీకర్ మాగ్నెట్ జేబులో పెట్టుకు తిరిగేవాడు. జాయింట్ పక్కన అటూ ఇటూ జరుపుతూ, ఆర్క్ తిన్నగా అయిన చోట వదిలేసేవాడు. అదీ పని చేసేది, చిన్న చిన్న వాటికి.

హజీరా_రాజు
ఏసీకి మార్చడం కూడా ఒక దారి. ఎల్‌ఎన్‌జీ ట్యాంకుల్లో 9 శాతం నికెల్ స్టీలు వాడతాం. దానంత జిడ్డు అయస్కాంతం నేనెక్కడా చూడలేదు. ఒకసారి పట్టిందంటే వదలదు. అందుకని ప్లేట్లని మాగ్నెట్ క్రేన్‌తో ముట్టుకోనివ్వరు. మా పనిలో ప్లేటు అంచున 50 గాస్ దాటితే వెనక్కి పంపేవాళ్లు. నికెల్ రాడ్లు ఏసీ మీదే కాల్చాం. ఏసీలో దిశ సెకనుకి వందసార్లు తిరగబడుతుంది, ఆర్క్ ఒక వైపుకే వంగిపోయేంత తీరిక దానికి ఉండదు.

బాలానగర్_ఇన్వర్టర్
రాజు అన్నా, అందరి దగ్గరా ఏసీ మెషిన్ ఉండాలి కదా. సైట్లో ఉండే చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్లలో చాలావరకు డీసీ మాత్రమే. రాడ్ కూడా చూసుకోవాలి. 6010 ఏసీ మీద నిలబడదు, 6011 నిలబడుతుంది. 7018 నడుస్తుంది గానీ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ (ఆర్క్ వెలగకముందు ఉండే వోల్టేజ్) తక్కువున్న ట్రాన్స్‌ఫార్మర్ మీద మాటిమాటికీ ఆరిపోతుంది. ఇక కార్బన్ స్టీలు రూట్ ఏసీ టిగ్‌తో వేసేది నేనైతే చూడలేదు.

ఎక్స్‌రే_అక్క
పైగా డబ్ల్యూపీఎస్‌లో (వెల్డింగ్ ఎలా చేయాలో రాసిన పత్రం) డీసీ అని రాసి ఉంటే అడగకుండా మార్చకండి. తర్వాత సంతకం పెట్టేది మేమే.

టెక్కలి_టిగ్
ఏసీ ఇక్కడ కుదరదు. పాతరాడ్డు బాబాయ్ పద్ధతి ఇప్పుడే చూశాను. నాలుగు చుట్లకి ఆర్క్ కుడి పక్కకి దూకింది, మూడు చుట్లకి ఎడమకి. మూడున్నర చుట్లు ఎలా చుట్టాలి?

ఫిట్టర్_బావ
అర చుట్టు ఫోర్‌మన్ మెడకి.

బాలానగర్_ఇన్వర్టర్
అందుకే రెండో మెషిన్ కావాలి. బాబాయ్ పద్ధతిలో చుట్లు తప్ప మార్చడానికి ఏమీ ఉండదు, ఎందుకంటే కరెంట్ నీ వెల్డింగ్ కరెంటే. విడిగా ఒక డీసీ మెషిన్ పెడితే నాబ్ తిప్పి సున్నాకి తెచ్చుకోవచ్చు. ఇలా చెయ్యి:

వెల్డింగ్ కేబుల్ తీసుకుని జాయింట్‌కి ఈ పక్క ఐదు చుట్లు, ఆ పక్క ఐదు చుట్లు, రెండూ ఒకే దిశలో. ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది, టార్చ్ తిరగడానికి చోటు వదులు. రెండు కొసల్నీ రెండో మెషిన్ ప్లస్, మైనస్‌లకి బిగించు. గ్యాప్‌లో గాస్ మీటర్ పెట్టి, తక్కువ కరెంట్‌తో ఆన్ చెయ్యి. రీడింగ్ పెరిగితే ఆఫ్ చేసి కొసలు తారుమారు చెయ్యి. తగ్గితే మెల్లగా పెంచుకుంటూ సున్నా దగ్గరికి రా. రూట్ వేస్తున్నంతసేపూ అది ఆన్‌లోనే ఉండాలి. ఇది పైపులో ఉన్నదాన్ని తీసేయడం కాదు, రూట్ అయ్యేదాకా ఎదురు నిలబడి ఆపడం.

గోదారోడు
తీసేయలేమా అసలు? ఎదురు నిలబడటం ఎందుకు, శాశ్వతంగా పోగొట్టొచ్చు కదా.

బాలానగర్_ఇన్వర్టర్
విడి ముక్క అయితే పోగొట్టొచ్చు. అదే చుట్టలో ఎక్కువ కరెంట్ ఇచ్చి ఆపి, పోల్స్ మార్చి కాస్త తక్కువ ఇచ్చి ఆపి, మళ్ళీ మార్చి ఇంకా తక్కువ... ఇలా సున్నా దాకా దిగుతూ రావాలి. 50 హెర్ట్జ్ ఏసీ చుట్టతో చేస్తే పై పొరకే తగులుతుంది, మందం లోపలికి దిగదు. కానీ ఈయనది కిలోమీటర్ల లైన్. ఈ కొసన ఒక మీటరు మేర కడిగేసినా వెనకాల ఉన్నదంతా మళ్ళీ ఇటే తోస్తుంది. చెరువుకి గండి పడితే చెంబుతో తోడినట్టు.

టెక్కలి_టిగ్
గాస్ మీటర్ పక్క క్యాంపు ఇన్‌స్పెక్షన్ వాళ్ల దగ్గర దొరికింది. వాళ్లలో ఒకతను సిక్కోలు వాడే, అందుకే ఇచ్చాడు. గ్యాప్‌లో పైన 12 గంటల చోట 140. 3 గంటల దగ్గర 95. కింద 6 దగ్గర 60. చుట్టూ ఒకేలా లేదు, మామూలేనా?

అసలు గోల వేరే. అన్నా చెప్పినట్టే కేబుల్ చుట్టి రెండో ఇన్వర్టర్‌కి పెట్టాను. ఆన్ చేయగానే ఒక్క క్షణం రీడింగ్ మారి మళ్ళీ 140. మెషిన్ కరెంట్ ఇవ్వడం లేదు. మూడుసార్లు చూశాను. పాడైందా?

బాలానగర్_ఇన్వర్టర్
పాడవలేదు, తెలివి మీరింది. రోజూ నా టేబుల్ మీదకి వచ్చే మెషిన్లలో సగం ఇలా "పాడైనవే". రెండు కొసలూ కలిపితే దానికి రాడ్ అతుక్కుపోయినట్టు కనిపిస్తుంది. యాంటీ స్టిక్ ఉన్న ఇన్వర్టర్ వెంటనే కరెంట్ పడేస్తుంది. సెట్టింగ్‌లో ఆపే వీలుంటే ఆపు. లేదంటే పాత థైరిస్టర్ రెక్టిఫైయర్ వెల్డింగ్ మెషిన్ వెతుకు, ఆ మొద్దుది ఏమీ అడగదు, ఇస్తూనే ఉంటుంది. కేబుల్ సన్నది పెట్టకు, కాలుతుంది. ప్రీహీట్ చేసి ఉంటే పైపుకీ కేబుల్‌కీ మధ్య సిరామిక్ దుప్పటి వెయ్యి.

హజీరా_రాజు
చుట్టూ ఒకేలా ఉండదు, మామూలే. ఎక్కడ తక్కువుందో అక్కడ మొదలుపెట్టు. నీకు 6 గంటల దగ్గర. అక్కడ సున్నా చేసుకుని ఒక 50, 60 ఎంఎం వెయ్యి. ఆపి, పక్క చోట మళ్ళీ కొలిచి మళ్ళీ నాబ్ తిప్పు. ఒక్కసారి సెట్ చేసి చుట్టూ తిరిగేద్దామనుకుంటే మధ్యలో మోసపోతావు. రూట్ అతికేకొద్దీ ఫ్లక్స్ ఆ అతికిన లోహంలోంచి పోతుంది, గ్యాప్‌లో తగ్గుతుంది. నువ్వు ఇచ్చే ఎదురు కరెంట్ మాత్రం అలాగే ఉంటే అదే ఎక్కువై ఈసారి కుడికి లాగుతుంది.

పాతరాడ్డు
మీటర్ పట్టుకోవడానికి ఒక మనిషిని పెట్టుకో. నువ్వే కొలిచి నువ్వే వేస్తే తెల్లారుతుంది. అయస్కాంతం పట్టే చేతి వాచీ లాంటివి తీసెయ్యి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లని ఆ దగ్గరికి రానివ్వకు. అది అందరికంటే ముందు చెప్పాల్సిన మాట, ఇప్పుడు గుర్తొచ్చింది.

కొత్తచేతి
మాకు థియరీలో ఆర్క్ ఇలా పక్కకి పోవడం గురించి ఆర్క్ బ్లో అని అర పేజీ ఉంది. "ఎర్త్ మార్చవలెను" అని ఒక లైను. ఇదంతా ఎందుకు లేదు?

ఫిట్టర్_బావ
అర పేజీ అయినా ఉంది, సంతోషించు. మా టైంలో ఆ పేజీలో మిర్చి బజ్జీ కట్టి ఇచ్చారు.

టెక్కలి_టిగ్
రాత్రి రెండింటికి రూట్ పడింది.

రెక్టిఫైయర్ దొరికింది, స్క్రాప్ పక్కన దుమ్ము కొట్టుకుపోయి ఉంది, ఆన్ చేస్తే ట్రాక్టర్‌లా గోల. 12 గంటల చోట సున్నాకి రావడానికి పది చుట్లకి 65 ఆంప్స్ పట్టింది. కింద 30తోనే అయింది. మొదటి టాకు వేసినప్పుడు ఆర్క్ తిన్నగా కిందికి దిగింది, రెండు అంచులూ ఒకేసారి కరిగి కీహోల్ (రూట్ సరిగ్గా కరుగుతోందని చూపే చిన్న రంధ్రం) తెరుచుకుంది. మూడు రోజుల తర్వాత చూశాను ఆ దృశ్యం. కళ్లలో నీళ్లొచ్చాయి, హెల్మెట్ లోపల కాబట్టి ఎవరూ చూడలేదు.

రాజు అన్న చెప్పినట్టు 9 గంటల దగ్గర మోసపోయాను కూడా. నాబ్ తగ్గించకుండా ముందుకెళ్లాను, ఆర్క్ ఎదురు పక్కకి పోయింది. 20 ఎంఎం గ్రైండ్ చేసి మళ్ళీ వేశాను. చివరి పావు భాగానికి వచ్చేసరికి చుట్ట ఆపేసినా తేడా తెలియలేదు. రూట్ మూసుకున్నాక మామూలు పైపే. హాట్ పాస్, ఫిల్లింగ్, క్యాప్ అనే పై పొరలన్నీ మామూలుగా అయ్యాయి.

ఎక్స్‌రే_అక్క
ఎక్స్‌రే ఫిల్మ్ వచ్చాక చెప్పు.

టెక్కలి_టిగ్
వచ్చింది. క్లియర్. 9 గంటల దగ్గర చిన్న పోర్ (గాలి బుడగ) ఒకటి ఉంది, లిమిట్ లోపలే.

ఎక్స్‌రే_అక్క
ఆ 20 ఎంఎం చోటే అయి ఉంటుంది.

టెక్కలి_టిగ్
అదే చోటు.

పాతరాడ్డు
ఫోర్‌మన్ ఏమన్నాడు?

టెక్కలి_టిగ్
ఏమీ అనలేదు బాబాయ్. 6జీ టెస్ట్ పెట్టినందుకు సారీ కూడా లేదు. కానీ ఇదే లైన్‌లో ఇంకో రెండు చోట్ల స్పూల్ మార్చాలట. పొద్దున వచ్చి "ఆ మీటరు తిరిగి ఇచ్చేశావా?" అని అడిగాడు.

ఫిట్టర్_బావ
ఇచ్చేశానని చెప్పు. కారు దిగి వెళ్లి తనే తెచ్చుకుంటాడు.